తప్పిన సూచనలు – నిలిచిన సిద్ధాంతాలు: భారత ఋతుపవన అంచనాకు కృషిచేసిన శాస్త్రవేత్తల పరిశోధన జీవితాలు

వ్యాస సంగ్రహం:

నైరుతి ఋతుపవన వర్షపాతాన్ని నెలల ముందుగా అంచనా కట్టే శాస్త్రీయ ప్రయత్నం భారతదేశంలో 1880వ దశకంలో ఆరంభమైంది. ఈ రంగంలో పనిచేసిన శాస్త్రవేత్తల కృషిని విజయపరంపరగా చెప్పుకోవడం పరిపాటి. అయితే ఈ శాస్త్రం మలుపు తిరిగిన సందర్భాలను పరిశీలిస్తే, వాటిలో అధికభాగం వెనుక ఒక కరవో, ఒక తప్పిన సూచనో కనిపిస్తుంది. బ్లాన్‌ఫోర్డ్, ఇలియట్, వాకర్, కోటేశ్వరం, అన్నా మణి, శుక్లా, గోవారికర్, గాడ్గిల్ మొదలైనవారి పరిశోధన జీవితాలను ఈ కోణం నుంచి పరిశీలించి, ఋతుపవన సూచనకు ఆధారమైన సూత్రాలను, దాని పరిమితులను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఋతుపవనాలు, వాతావరణ సూచన, శీతోష్ణస్థితి, దక్షిణ డోలనం, ఎల్ నినో, సహసంబంధం, తూర్పు జెట్ ప్రవాహం, కరవు.

1. ప్రవేశిక:

సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో సంచరించే కాలాన్ని అనుసరించి సంవత్సరాన్ని ఇరవైఏడు కార్తెలుగా విభజించుకొని, ఏ కార్తెలో ఏ వ్యవసాయపు పని చేపట్టాలో తెలుగు రైతులు తరతరాలుగా నిర్ణయించుకుంటూ వచ్చారు. జూన్ మొదటివారం దాటుతుండగా మృగశిర ప్రవేశిస్తుంది. ఇంచుమించు అదే సమయానికి నైరుతి పవనాలు తెలుగునేలను సమీపిస్తాయి. శాస్త్ర పరిభాషలో చెప్పాలంటే కార్తెల జ్ఞానం శీతోష్ణస్థితికి సంబంధించిన జ్ఞానం. అనేక సంవత్సరాల అనుభవపు సగటు అందులో నిక్షిప్తమై ఉంటుంది. అయితే ఈ ఏటి మృగశిరలో వాన కురుస్తుందా, కురిస్తే పంట చేతికొచ్చేదాకా నిలుస్తుందా అనే ప్రశ్నలకు కార్తె సమాధానం చెప్పదు. ఆ సమాధానం కోసం సాగిన అన్వేషణే ఋతుపవన సూచన చరిత్ర.

ఇక్కడ రెండు పదాల మధ్య భేదాన్ని స్పష్టం చేసుకోవడం అవసరం. ఒక ప్రదేశంలో ఒకానొక సమయంలో ఉన్న గాలి, పీడనం, ఉష్ణోగ్రత, తేమల స్థితి వాతావరణం. దీర్ఘకాలంలో ఆ స్థితుల సగటు, వాటి హెచ్చుతగ్గుల స్వభావం శీతోష్ణస్థితి. రేపటి వాన వాతావరణ సూచనకు సంబంధించినది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశంలో మొత్తం ఎంత వర్షం కురుస్తుందనేది ఈ రెండింటికీ మధ్యస్థమైన ప్రశ్న. దీనినే ఋతు సూచన అంటారు.

ఈ ప్రశ్నలోని కాఠిన్యం ఒక చిన్న లెక్కతో బోధపడుతుంది. ఈ నాలుగు నెలల్లో దేశవ్యాప్త సగటు వర్షపాతం సుమారు 87 సెంటీమీటర్లు. ఏటేటా కనిపించే హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం ఈ సగటులో దాదాపు 10 శాతం. అంటే మూడింట రెండు వంతుల సంవత్సరాల్లో వర్షపాతం సగటుకు పది శాతం అటూ ఇటూగానే ఉంటుంది. ఏ శాస్త్రమూ తెలియనివారు ప్రతి ఏటా "ఈసారి సాధారణ వర్షపాతం" అని చెప్పినా మూడింట రెండుసార్లు వారి మాట నిజమవుతుంది. కాబట్టి ఋతు సూచన విలువ సాధారణ సంవత్సరాల్లో తేలదు. అసాధారణ సంవత్సరంలో, ముఖ్యంగా కరవు సంవత్సరంలో తేలుతుంది. ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకొని చూసినప్పుడే కింద ప్రస్తావించే పరిశోధన జీవితాల ప్రాధాన్యం అర్థమవుతుంది.

2. ధాత కరవు – బ్లాన్‌ఫోర్డ్ హిమ సిద్ధాంతం:

భారత వాతావరణ విభాగం 1875లో ఏర్పడింది. 1864లో కలకత్తాను ధ్వంసం చేసిన తుఫాను, 1866, 1871 సంవత్సరాల్లో ఋతుపవనాల వైఫల్యం ఈ సంస్థ ఆవిర్భావానికి నేపథ్యాలు. దాని తొలి అధిపతి హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫోర్డ్ (1834–1893) వృత్తిరీత్యా భూవిజ్ఞాన శాస్త్రవేత్త. 1855లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరి, అనంతరం కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఆయన బాధ్యతలు స్వీకరించిన కొద్దికాలానికే 1876–78 మహాక్షామం సంభవించింది. తెలుగువారు ధాత కరవుగా చెప్పుకునే ఈ విపత్తులో మద్రాసు రాజధానికి చెందిన బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. దేశంలో యాభై లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా. ధాన్యపు ఎగుమతులు, పరిపాలనా విధానాలు ఈ మరణాలకు ఎంతవరకు కారణమనేది చరిత్రకారుల చర్చనీయాంశం. అయితే వర్షాభావాన్ని ముందే పసిగట్టగలమా అనే ప్రశ్న ప్రభుత్వం ముందు నిలిచింది. ఆ బాధ్యత బ్లాన్‌ఫోర్డ్‌పై పడింది.

హిమాలయాలపై శీతకాల, వసంతకాలాల్లో మంచు అధికంగా కురిసిన సంవత్సరాల్లో ఋతుపవనాలు బలహీనపడుతున్నట్లు ఆయన గమనించారు. 1884లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడిన పత్రంలో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మంచు సూర్యకాంతిని పరావర్తనం చేస్తుంది. కరగడానికి చాలా ఉష్ణాన్ని తీసుకుంటుంది. ఫలితంగా ఉపఖండపు భూభాగం తగినంతగా వేడెక్కదు. వాయవ్య దిశనుంచి పొడిగాలులు ఎక్కువకాలం వీస్తాయి. సముద్రంనుంచి తేమగాలిని ఆకర్షించే అల్పపీడనం బలహీనంగా ఏర్పడుతుంది. 1882–85 మధ్య ప్రయోగాత్మకంగా ఇచ్చిన సూచనలు ఆశాజనకంగా ఉండటంతో, 1886 జూన్ 4న భారత, బర్మా దేశాలకు తొలి అధికారిక ఋతు సూచన వెలువడింది.

ఇక్కడ గమనించవలసిన విశేషం, బ్లాన్‌ఫోర్డ్ కేవలం రెండు సంఘటనల సాహచర్యాన్ని మాత్రమే చూపలేదు. వాటిని కలిపే భౌతిక ప్రక్రియను కూడా సూచించారు. అందువల్లనే ఈ భావన ఆయనతో అంతరించలేదు. దాదాపు తొంభై ఏళ్ల తరువాత, 1976లో హాన్, శుక్లా ఉపగ్రహ సమాచారంతో యురేషియా హిమావరణానికీ, భారత వర్షపాతానికీ గల సంబంధాన్ని తిరిగి పరీక్షకు పెట్టారు.

3. ఇలియట్ – రహస్యంగా మారిన సూచన:

బ్లాన్‌ఫోర్డ్ అనంతరం 1889లో జాన్ ఇలియట్ ఆ స్థానంలోకి వచ్చారు. హిమాలయ మంచుతోపాటు దక్షిణార్ధగోళపు పీడన స్థితులను కూడా పరిగణనలోకి తీసుకోవడం ఆయన చేసిన విస్తరణ. భారతదేశపు వాన భారతదేశంలోనే నిర్ణయం కాదు. హిందూ మహాసముద్రానికి ఆవలనున్న మారిషస్, ఆస్ట్రేలియాల వాతావరణం కూడా దానిని ప్రభావితం చేస్తుందనే అవగాహన ఇందులో ఉంది. ఆలోచనగా ఇది ముందడుగే. అయితే ఆయన సూచనలు సుదీర్ఘ వర్ణనలుగా ఉండేవి. ఏ అంశానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో నిర్ణయించే కొలబద్ద వాటిలో లేదు. ఆ నిర్ణయం శాస్త్రవేత్త వ్యక్తిగత విచక్షణకే పరిమితమైంది.

1899లో ఈ పద్ధతి విఫలమైంది. ఆ ఏటి తీవ్ర వర్షాభావాన్ని సూచన ముందుగా చెప్పలేకపోయింది. 1899–1900 కరవు దేశంలోని విశాల ప్రాంతాలను పీడించింది. పత్రికల్లో విమర్శలు చెలరేగాయి. 1902 నుంచి 1905 వరకు ఋతు సూచనను బహిరంగపరచకుండా ప్రభుత్వానికి మాత్రమే రహస్యంగా అందజేశారు. తప్పిన సూచనకు ఒక సంస్థ స్పందించగల తీరులలో ఇది మొదటిది: మాట్లాడటం మానివేయడం. రెండవది పద్ధతినే మార్చుకోవడం. ఆ పని ఇలియట్ వారసుని వంతు అయింది.

4. గిల్బర్ట్ వాకర్ – సంఖ్యల సాక్ష్యం:

1904లో బాధ్యతలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ (1868–1958) కేంబ్రిడ్జి గణితశాస్త్రవేత్త. బూమరాంగ్‌ల చలనాన్ని గణితపరంగా విశ్లేషించినవారిగా ప్రసిద్ధులు. వాతావరణ శాస్త్రంలో ఆయనకు పూర్వానుభవం లేదు. ఋతుపవనాల భౌతిక సిద్ధాంతం ఇంకా పరిపక్వం కాలేదు కాబట్టి, దానికోసం వేచి ఉండకుండా ప్రపంచవ్యాప్త పరిశీలనలను సేకరించి, వాటిమధ్య సంబంధాలను సాంఖ్యక శాస్త్ర పద్ధతిలో వెదకాలని ఆయన నిశ్చయించుకున్నారు. యంత్రాలు లేని ఆ కాలంలో వేలాది సహసంబంధ గుణకాలను చేతితో లెక్కించినవారు సిమ్లా కార్యాలయంలోని భారతీయ ఉద్యోగులు. వారిలో అత్యధికుల పేర్లు శాస్త్ర చరిత్రలో నమోదు కాలేదు.

1909లో వాకర్ వర్షపాతాన్ని అంచనా వేసే ప్రతిగమన సమీకరణాన్ని ప్రవేశపెట్టారు. హిమాలయ హిమసంచయం, మారిషస్ పీడనం, దక్షిణ అమెరికా పీడనం, జాంజిబార్ వర్షపాతం అందులోని నాలుగు అంశాలు. వ్యక్తిగత విచక్షణ స్థానంలో ఎవరు లెక్కించినా ఒకే ఫలితాన్నిచ్చే సూత్రం వచ్చింది. సూచన తప్పితే ఎక్కడ తప్పిందో వెదికి చూసే అవకాశం దీనివల్ల కలిగింది.

ఈ అన్వేషణలోనే ఒక మహత్తర ఫలితం లభించింది. పసిఫిక్ మహాసముద్రంపై పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్ర ప్రాంతంలో తగ్గడం, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరగడం ఆయన గుర్తించారు. తక్కెడ సిబ్బెలవలె సాగే ఈ చలనానికి దక్షిణ డోలనం అని పేరుపెట్టారు. అయితే ఆయన కోరుకున్న ప్రయోజనం మాత్రం నెరవేరలేదు. దక్షిణ డోలనం వేసవి ఋతుపవనాలకు ముందున్న మాసాలకన్నా తరువాతి మాసాలతోనే బలమైన సంబంధం చూపింది. ఆయన అనంతరం విభాగానికి అధిపతి అయిన చార్లెస్ నార్మండ్ 1953లో ఈ సంగతిని విశదం చేస్తూ, ప్రపంచ వాతావరణంలో ఋతుపవనం ఇతర ప్రభావాలకు లోనయ్యేది మాత్రమే కాదని, ఇతర ప్రాంతాలను ప్రభావితం చేసేది కూడానని అభిప్రాయపడ్డారు.

వాకర్ 1924లో పదవీ విరమణ చేసేనాటికి నమ్మదగిన ఋతు సూచన సాధ్యపడలేదు. ఆ దృష్టితో చూస్తే ఆయన ఉద్యోగ జీవితం లక్ష్యాన్ని చేరలేదు. కాని 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ దక్షిణ డోలనానికీ, పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్ నినోకూ ఉన్న బంధాన్ని వివరించి, అక్కడి గాలుల చక్రానికి వాకర్ ప్రసరణం అని నామకరణం చేశారు. కేవలం సంఖ్యల సంబంధంగా ఉన్నదానికి అప్పుడు భౌతిక ఆధారం లభించింది.

వాకర్ కృషిలో మరొక అంశం పరిశోధకులకు నేటికీ అనుసరణీయం. వందలకొద్దీ సహసంబంధాలను లెక్కించి వాటిలో పెద్దవాటిని ఏరుకుంటే, అవి యాదృచ్ఛికంగా కూడా పెద్దవై ఉండవచ్చునని ఆయన 1914లోనే హెచ్చరించారు. పరస్పర సంబంధం లేని నూరు శ్రేణులను పరీక్షించినా, ఐదు శాతం ప్రమాణం ప్రకారం సుమారు ఐదు 'అర్థవంతంగా' కనిపిస్తాయి. ఈ హెచ్చరికకున్న ప్రాధాన్యం తొమ్మిది దశాబ్దాల తరువాత మరోసారి స్పష్టమైంది.

మద్రాసుకు వచ్చిన సందర్భంలో శ్రీనివాస రామానుజన్ గణిత కృషిని చూసి, ఆయనకు పరిశోధనావకాశం కల్పించవలసిందిగా 1913 ఫిబ్రవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి లేఖ రాసినవారు కూడా ఈ వాకరే కావడం గమనార్హం.

5. పైగాలుల పరిశోధన – కోటేశ్వరం. కొలతల క్రమశిక్షణ – అన్నా మణి:

వాకర్ కాలం వరకు పరిశీలనలు ప్రధానంగా భూతలానికి పరిమితం. ఋతుపవనం మాత్రం భూమినుంచి దాదాపు పదహారు కిలోమీటర్ల ఎత్తువరకు వ్యాపించిన వ్యవస్థ. వాతావరణ బెలూన్ల ద్వారా పైగాలుల సమాచారం లభించిన తరువాత ఆ నిలువు స్వరూపం వెల్లడైంది. ఈ దశలో విశిష్టమైన కృషి చేసినవారు తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. వేసవి మాసాల్లో దక్షిణ భారతంపై సుమారు 14–16 కిలోమీటర్ల ఎత్తున గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో తూర్పునుంచి పడమరకు వీచే గాలి ప్రవాహాన్ని ఆయన నిరూపించారు. 1958లో 'టెల్లస్' పత్రికలో ప్రచురితమైన పత్రం ద్వారా ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం శాస్త్రలోకంలో స్థిరపడింది.

ఈ ఆవిష్కరణ ప్రాముఖ్యం ఏమిటి? వేసవిలో టిబెట్ పీఠభూమి ఎత్తైన ఉష్ణస్థానంగా పనిచేస్తుంది. దానిపైన ఊర్ధ్వ వాతావరణంలో అధిక పీడనం ఏర్పడుతుంది. దాని దక్షిణపు అంచున తూర్పు గాలులు వేగం పుంజుకుంటాయి. కింద నైరుతినుంచి తేమగాలి రావడం, పైకి లేవడం, ఊర్ధ్వభాగంలో తూర్పు గాలులుగా తరలిపోవడం – ఇవన్నీ ఒకే యంత్రాంగంలోని అంగాలని దీనివల్ల బోధపడింది. కోటేశ్వరం 1969 నుంచి 1975 వరకు భారత వాతావరణ విభాగానికి మహాసంచాలకులుగా వ్యవహరించారు. 1975లో పద్మభూషణ్ పురస్కారం పొందారు.

పరిశీలనలు నమ్మదగినవి కావాలంటే పరికరాలు నమ్మదగినవి కావాలి. తిరువాన్కూరు సంస్థానంలోని పీరుమేడులో జన్మించిన అన్నా మణి (1918–2001) జీవితం దీనికే అంకితమైంది. బెంగుళూరులో సి.వి. రామన్ పర్యవేక్షణలో వజ్రం, కెంపుల వర్ణపటాలపై పరిశోధించి సిద్ధాంత వ్యాసం సమర్పించినప్పటికీ, స్నాతకోత్తర పట్టా లేదనే కారణంగా ఆమెకు డాక్టరేటు లభించలేదు. లండన్‌లో వాతావరణ పరికరాల శాస్త్రాన్ని అభ్యసించి 1948లో స్వదేశానికి వచ్చి పూనాలో వాతావరణ విభాగంలో చేరారు. అప్పటివరకు దిగుమతి అవుతున్న పరికరాల స్థానంలో సుమారు నూరు రకాల పరికరాల నమూనా చిత్రాలను ప్రామాణీకరించి దేశీయోత్పత్తికి మార్గం వేశారు. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా సౌరవికిరణ కేంద్రాల వ్యవస్థను నెలకొల్పారు. ఆమె పేరుతో ఋతుపవన సిద్ధాంతం ఏదీ లేదు. కాని కొలతలో దోషముంటే సిద్ధాంతం ఎంత సుందరమైనదైనా సూచన తప్పుతుంది. ఆ దోషాన్ని తగ్గించడమే ఆమె పరిశోధన సారాంశం.

6. గణిత నమూనాలు – రిచర్డ్‌సన్ నుంచి శుక్లా వరకు:

వాకర్ సంఖ్యల మధ్య సంబంధాలను వెదకుతున్న కాలంలోనే ఐరోపాలో మరొక మార్గం రూపుదిద్దుకుంది. గాలి చలనం భౌతిక నియమాలకు లోబడి ఉంటుంది కాబట్టి, నేటి స్థితి తెలిస్తే రేపటి స్థితిని సమీకరణాల ద్వారా గణించవచ్చునని విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ 1904లో ప్రతిపాదించారు. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ మొదటి ప్రపంచయుద్ధకాలంలో క్షతగాత్రుల వాహనాలపై సేవచేస్తూ ఈ లెక్కను చేతితో చేశారు. ఆరు గంటల్లో 145 హెక్టోపాస్కల్‌ల పీడన మార్పు సంభవిస్తుందని వచ్చిన ఫలితం పూర్తిగా తప్పు. వాస్తవంలో పీడనం ఇంచుమించు స్థిరంగానే ఉంది. అయినా 1922లో తన గ్రంథంలో ఆ విఫల గణనను దాచకుండా సమగ్రంగా ప్రచురించారు. 1950లో చార్నీ, ఫ్యోర్‌టాఫ్ట్, వాన్ నాయ్‌మన్ ఎనియాక్ కంప్యూటరుపై తొలి విజయవంతమైన గణనలు చేయడానికి ఆ నిజాయతీ దోహదం చేసింది.

1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ ఈ మార్గానికి ఒక హద్దును చూపారు. ఆరంభస్థితిలోని అత్యల్ప భేదం కూడా కాలక్రమంలో పెరిగి సూచనను నిరర్థకం చేస్తుంది. దైనందిన వాతావరణాన్ని సుమారు రెండు వారాలకు మించి వివరంగా చెప్పడం సాధ్యం కాదనే అవగాహన దీనితో బలపడింది. అలాగైతే నాలుగు నెలల వర్షపాతాన్ని ముందుగా చెప్పడం ఎలా సాధ్యం?

ఈ ప్రశ్నకు సమాధానమిచ్చినవారిలో జగదీశ్ శుక్లా ముఖ్యులు. 1944లో ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లా మిర్ధా గ్రామంలో జన్మించి, చెట్టునీడ బడిలో ప్రాథమిక విద్య అభ్యసించిన ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పరిశోధించారు. 1981లో చార్నీతో కలిసి ప్రచురించిన పత్రంలో ఆయన వాదన ఇది: గాలి జ్ఞాపకశక్తి స్వల్పం, సముద్రానిది దీర్ఘం. సముద్రతల ఉష్ణోగ్రత, నేలలోని తేమ, మంచు నెమ్మదిగా మారుతాయి. ఉష్ణమండలంలో వాతావరణపు ఋతు సగటు ఈ నెమ్మదైన అంశాలచేత అధికంగా నియంత్రితమవుతుంది. కాబట్టి ఆగస్టు 10న ఫలానా ఊళ్లో వాన పడుతుందని ఏప్రిల్‌లో చెప్పలేకపోయినా, మొత్తం ఋతువు పొడిగా ఉండే అవకాశం ఎక్కువా తక్కువా అని చెప్పడానికి వీలుంది. బ్లాన్‌ఫోర్డ్ మంచు, వాకర్ డోలనం ఎందుకు కొంతవరకు పనిచేశాయో కూడా ఈ సిద్ధాంతం వివరించింది.

ఇదే తరానికి చెందిన టి.ఎన్. కృష్ణమూర్తి (1932–2018) ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్య పూర్తిచేసి, షికాగోలో డాక్టరేటు పొంది, ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు ఉష్ణమండల వాతావరణాన్ని పరిశోధించారు. అనేక నమూనాలు ఇచ్చే ఫలితాలకు వాటి పూర్వపు దోషాలనుబట్టి విలువకట్టి సమన్వయించే పద్ధతిని 1999లో ఆయన బృందం ప్రతిపాదించింది.

స్వల్పకాలిక సూచనలో ఈ మార్గం సాధించిన ప్రగతిని ఆంధ్రతీరం ప్రత్యక్షంగా చూసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణాన్ని తాకినప్పుడు ఆస్తినష్టం అపారమైనా, మార్గం రోజుల ముందుగా తెలియడంవల్ల, ప్రజలను తరలించడంవల్ల ప్రాణనష్టం అనేక రెట్లు తక్కువగా ఉంది.

7. పదహారు అంశాల నమూనా – 2002 పాఠం:

1987 తీవ్ర కరవు అనంతరం ఋతు సూచనను పునర్నిర్మించే పని వసంత్ గోవారికర్ నాయకత్వంలో జరిగింది. ఆయన రసాయన ఇంజనీరింగులో శిక్షణ పొంది, రాకెట్ల ఘన ఇంధనంపై పరిశోధించి, అప్పటికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగ కార్యదర్శిగా ఉన్నారు. ఉష్ణోగ్రత, పీడనం, గాలి, మంచులకు సంబంధించిన పదహారు ప్రపంచస్థాయి అంశాలతో రూపొందించిన నమూనా 1988 నుంచి వినియోగంలోకి వచ్చింది. 1989 నుంచి 2001 వరకు వరుసగా పదమూడేళ్లు ఋతుపవనాలు సాధారణంగా ఉన్నాయి. సూచనలు కూడా ఆ విధంగానే ఉన్నాయి. నమూనాపై విశ్వాసం స్థిరపడింది.

2002లో దీర్ఘకాలిక సగటులో 101 శాతం వర్షపాతం ఉంటుందని సూచన వెలువడింది. వాస్తవంగా కురిసినది 81 శాతం. జులై నెలలో వర్షపాతం సాధారణంలో సగం మేరకే పరిమితమైంది. ప్రవేశికలో ప్రస్తావించిన లెక్క ఇక్కడ అన్వయిస్తుంది. పదమూడు సాధారణ సంవత్సరాల్లో నమూనా నిజానికి పరీక్షకు నిలబడలేదు, పరీక్షే జరగలేదు. తొలి కరవులోనే అది విఫలమైంది. కొద్ది దశాబ్దాల సమాచారంనుంచి పదహారు అంశాలను ఎంపిక చేసినప్పుడు వాటిలో కొన్ని యాదృచ్ఛిక సంబంధాలు కావచ్చుననే ప్రమాదం వాకర్ 1914లో చెప్పినదే. పైగా నిజమైన సంబంధాలు కూడా కాలంతోపాటు బలహీనపడవచ్చు.

విభాగం నమూనాను సవరించింది. 2003లో తక్కువ అంశాలతో కొత్త నమూనాలు వచ్చాయి. అయినా 2004లో వర్షపాతం సగటుకన్నా సుమారు 13 శాతం తగ్గింది. సూచన దానిని పట్టుకోలేదు. 2007లో మరొక పద్ధతి ప్రవేశించింది. 2009లో 22 శాతం లోటు ఏర్పడింది. ఏప్రిల్ సూచన సాధారణానికి చేరువగానే ఉంది. ఈ అనుభవాల నేపథ్యంలో 2012లో ఆరంభమైన ఋతుపవన మిషన్, సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి గణించే భౌతిక నమూనాలను భారతీయ పరిస్థితులకు మెరుగుపరచడాన్ని లక్ష్యంగా స్వీకరించింది. ఇలియట్ కాలానికీ ఈ కాలానికీ ముఖ్యమైన భేదం ఇది: ఈసారి సూచన రహస్యం కాలేదు. అంకెలు బహిరంగంగా ఉన్నాయి కాబట్టి విమర్శ సాధ్యమైంది. విమర్శవల్ల సవరణ సాధ్యమైంది.

8. ఎల్ నినోకు ఆవల:

ఎల్ నినో వస్తే కరవు వస్తుందనే సమీకరణం జనసామాన్యంలో స్థిరపడింది. కాని 1997లో అత్యంత తీవ్రమైన ఎల్ నినో ఏర్పడినా భారత వర్షపాతం సాధారణంగానే ఉంది. 2002లో మధ్యస్థాయి ఎల్ నినోతోనే తీవ్ర కరవు వచ్చింది. ఈ వైరుధ్యం కొత్త పరిశోధనలకు ప్రేరణ అయింది. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా హిందూ మహాసముద్రపు పశ్చిమ, తూర్పు భాగాల మధ్య ఏర్పడే ఉష్ణోగ్రతా ద్విధ్రువాన్ని నిర్వచించారు. పశ్చిమభాగం వేడెక్కి తూర్పుభాగం చల్లబడిన సంవత్సరాల్లో అది ఎల్ నినో దుష్ప్రభావాన్ని తగ్గించగలదని 2001లో కారుమూరి అశోక్, గువాన్, యమగాటా చూపించారు. పసిఫిక్ మధ్యభాగం వేడెక్కే ప్రత్యేక రూపాన్ని 2007లో అశోక్ బృందం 'ఎల్ నినో మొదోకీ' పేరుతో వివరించింది. అశోక్ అనంతరం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. హిందూ మహాసముద్ర పరిశీలనలకు కేంద్రమైన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది.

9. సూచన నుంచి పొలానికి – సులోచనా గాడ్గిల్:

హార్వర్డ్‌లో అనువర్తిత గణితంలో డాక్టరేటు పొంది భారతదేశానికి తిరిగివచ్చిన సులోచనా గాడ్గిల్, 1980లో డి.ఆర్. సిక్కాతో కలిసి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ముఖ్యమైన అంశాన్ని వెల్లడించారు. వేసవిలో సమశీతోష్ణ గాలుల వ్యవస్థకు భిన్నంగా, హిందూ మహాసముద్రంపై జనించిన మేఘపంక్తి మళ్లీమళ్లీ ఉత్తరానికి సాగి భూభాగంపైకి చేరుతుంది. ఋతువు మధ్యలో వానలు విరామం తీసుకోవడం, తిరిగి పుంజుకోవడం ఈ కదలికతో ముడిపడి ఉన్నాయి.

ఆమె పరిశోధన అంతటితో ఆగలేదు. అనంతపురం ప్రాంతంలో వర్షాధారంగా సాగే వేరుశనగను తీసుకొని, అక్కడి పూర్వ వర్షపాత వివరాలతో, పంట పెరుగుదల నమూనాతో ఏ తేదీల మధ్య విత్తితే నష్టభయం తగ్గుతుందో శేషగిరిరావు తదితరులతో కలిసి అధ్యయనం చేశారు. ఇందులో ఒక మౌలికమైన గుర్తింపు ఉంది. దేశవ్యాప్త వర్షపాతం 98 శాతమని చెప్పడంవల్ల అనంతపురం రైతుకు విత్తనం ఎప్పుడు వేయాలో తెలియదు. పూత, ఊడ, కాయ దశల్లో తేమ ఉంటుందా అన్నదే అతని ప్రశ్న. సూచన ఎంత కచ్చితమైనదనే ప్రశ్నకు తోడు, అది ఎవరి ఏ నిర్ణయానికి ఉపకరిస్తుందనే ప్రశ్నను ఈ పరిశోధన ముందుకు తెచ్చింది. 2006లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, వ్యవసాయపు వాటా తగ్గినప్పటికీ తీవ్రమైన కరవు దేశ స్థూలోత్పత్తిని 2 నుంచి 5 శాతం వరకు తగ్గిస్తున్నదని ఆమె, సిద్ధార్థ గాడ్గిల్ నిర్ధారించారు.

10. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు:

• ఋతుపవన సూచనలోని ప్రధాన పరిణామాలకు 1877, 1899, 1987, 2002 వంటి వర్షాభావ సంవత్సరాలు ప్రేరకాలయ్యాయి. సాధారణ సంవత్సరాల్లో నిజమైన సూచన పద్ధతి సామర్థ్యానికి చాలినంత రుజువు కాదు.

• భూవిజ్ఞానం, గణితం, వర్ణపట శాస్త్రం, రసాయన ఇంజనీరింగు వంటి వేర్వేరు రంగాలనుంచి వచ్చినవారు ఈ శాస్త్రాన్ని నిర్మించారు. ఇది స్వభావరీత్యా బహుశాస్త్ర సమన్వయ క్షేత్రం.

• భౌతిక వివరణ ఉన్న సంబంధాలు కాలపరీక్షకు నిలిచాయి లేదా కొత్త రూపంలో తిరిగి వచ్చాయి. కేవలం సంఖ్యల సాహచర్యంపై ఆధారపడినవి బలహీనపడ్డాయి. వాకర్ దక్షిణ డోలనం కూడా బ్యెర్క్‌నెస్ వివరణ తరువాతే పూర్తి విలువ పొందింది.

• దైనందిన వాతావరణ సూచనకు ఉన్న కాలపరిమితి ఋతు సూచనకు అదే రూపంలో వర్తించదు. సముద్రం, నేల, మంచు నెమ్మదిగా మారడమే ఋతు సూచనకు ఆధారం. అందువల్ల అది నిశ్చయవాక్యంగా కాక సంభావ్యతగా మాత్రమే ఉండగలదు.

• రిచర్డ్‌సన్ తన విఫల గణనను ప్రచురించడం, 2002 అనంతరం నమూనాలను బహిరంగంగా సవరించడం శాస్త్ర ప్రగతికి తోడ్పడ్డాయి. 1902–05 మధ్య సూచనను రహస్యంగా ఉంచడం అటువంటి ప్రయోజనాన్ని ఇవ్వలేదు.

కార్తెల జ్ఞానం సగటును చెప్పింది. ఆ సగటునుంచి ఒకానొక సంవత్సరం ఎంత తప్పుతుందో చెప్పడానికి ఈ శాస్త్రవేత్తలు తమ జీవితాలను వెచ్చించారు. అందులో వారు సాధించినది పాక్షికమే. విత్తనం చేతపట్టుకొని ఆకాశంవైపు చూసే రైతుకు ఆ పాక్షిక జ్ఞానం అతని ఊరికి, అతని పంటకు, అతని భాషలో, దాని అనిశ్చితితో సహా చేరినప్పుడే ఈ కృషి సార్థకమవుతుంది. అది ఇకముందు జరగవలసిన పరిశోధనకు ప్రధానమైన క్షేత్రం.